ఒక్క రోజుకు సరిపడే కీ: చిక్‌పేటలో ఒక వాచీ రిపేరు దుకాణం గురించి

బెంగళూరులో చిక్‌పేట మెట్రో స్టేషన్ దగ్గర దిగి, మెట్లెక్కి వీధిలోకి వచ్చి, అవెన్యూ రోడ్డు వైపు నడిస్తే చీరల కొట్లకూ పెళ్ళి పత్రికల కొట్లకూ నడుమ ఒక సందు వస్తుంది. ఆ సందులో, మనిషి పక్కకు తిరిగితే తప్ప లోపలికి పోలేనంత ఇరుకైన చోట, డెబ్బై ఏళ్ళు దాటిన పెద్దాయన ఒకరు చేతి గడియారాలు బాగుచేస్తారు. ఉన్న పనికే చేతులు చాలడం లేదనీ, పేరు బయట పెట్టవద్దనీ ఆయన కోరినందువల్ల దుకాణం పేరు రాయడం లేదు. అయితే గత ఏడు నెలల్లో ఆయన వద్ద చేయించుకున్న పని గురించీ, ఆ పని నా ప్రార్థన జీవితంలోకి తెచ్చిన మార్పు గురించీ వివరంగా చెప్పాలని ఉంది. వాచీ రిపేరుకూ ప్రార్థనకూ సంబంధమేమిటని అడిగేవారు కొంచెం ఓపికతో చదవాలని మనవి.

నేను తీసుకువెళ్ళినది మా నాన్నగారి హెచ్ఎమ్‌టీ జనతా. ఆయన ప్రకాశం జిల్లాలో ఒక మిషన్ పాఠశాలలో లెక్కల మాస్టారుగా పనిచేశారు. తెల్లని డయల్, దాని మీద హిందీ అక్షరాల్లో జనతా అన్న పేరు, లోపల బ్యాటరీ లేని, రోజూ చేత్తో కీ ఇవ్వవలసిన యంత్రం. పొద్దున కుటుంబ ప్రార్థన ముగిసి ఆమేన్ అనగానే నాన్నగారి చేయి కిటికీ గూట్లో ఉన్న ఆ వాచీ మీదికి వెళ్ళేది. కీ తిప్పుతున్న కిరకిర చప్పుడు వినిపించిందంటే మేము లేచి పుస్తకాలు సర్దుకోవచ్చునని అర్థం. ఆయన ప్రభువునందు నిద్రించి తొమ్మిదేళ్ళయింది. అప్పటినుంచి ఆ వాచీ అమ్మ ట్రంకు పెట్టెలో, ఆయన కళ్ళజోడు పక్కన, చేతిరుమాలులో చుట్టి ఉండిపోయింది.

హెచ్ఎమ్‌టీ వాచీలకు పుట్టిల్లు బెంగళూరే. 1953లో ఇక్కడ మొదలైన హిందుస్థాన్ మెషీన్ టూల్స్ సంస్థ, 1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో వాచీల తయారీ చేపట్టింది. ఒక తరం వారికి మొదటి జీతంతో కొన్న వాచీ, అల్లుడికి పెట్టిన వాచీ, పదవీ విరమణ నాడు చేతికి తొడిగిన వాచీ అన్నీ ఆ సంస్థవే. 2016 నాటికి ఆ తయారీ ఆగిపోయినా, అంతకు ముందు తయారైనవి దేశమంతటా ఇంటింటా ఉన్నందువల్ల, ఇక నడవని వాచీల నుంచి తీసిన భాగాలతో నడవగలిగిన వాటిని బతికించే పనివారు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నారు. అందుకే అమ్మ ఆ చేతిరుమాలు మూటను నా చేతిలో పెట్టినప్పుడు, దాన్ని ఎక్కడికి తీసుకుపోవాలో వెతుక్కోవడానికి నాకు పెద్దగా కష్టం కాలేదు.

ఇన్నేళ్ళ తర్వాత దాన్ని బయటికి తీయవలసి రావడానికి కారణం నా ఫోను. ఆదివారం ఆరాధనలో టైము చూద్దామని ఫోను తీస్తే, అంకెల కిందనే ఆఫీసు మెయిల్ ఒకటి కనిపించేది. ఆ తర్వాత పాస్టరుగారు ఏ వచనం దగ్గర ఉన్నారో నాకు తెలిసేది కాదు. అప్పట్లో మా ఆఫీసులో ఉద్యోగాలు తగ్గిస్తారన్న మాట వినవస్తోంది. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి మోకరించే అలవాటు నాకు పెళ్ళికి ముందునుంచీ ఉంది. కానీ ఆ నెలల్లో మోకాళ్ళు మాత్రమే నేల మీద ఉండేవి, మనసు వచ్చే ఏప్రిల్‌లో, ఆ పై ఏప్రిల్‌లో, ఇంటి లోను వాయిదాల్లో, అమ్మాయి పీయూసీ (ఇంటర్) ఫీజులో తిరుగుతూ ఉండేది. ‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము’ అని నోటితో పలుకుతూ, మనసులో మాత్రం ముందు మూడేళ్ళకు సరిపడే ఆహారాన్ని ఈ పూటే నా చేతికి ఇమ్మని దేవుణ్ణి నిలదీస్తున్నానని ఒకనాడు ఉన్నట్టుండి తెలిసివచ్చింది. కనీసం ప్రార్థన గదిలోకి ఫోను తీసుకుపోకుండా ఉండడానికి, టైము తప్ప ఇంకేమీ చెప్పని వస్తువు ఒకటి కావాలనుకున్నాను. మొదట నేను ఆశించింది అంతే.

పెద్దాయన వాచీ అందుకుని, చెవి దగ్గర పెట్టుకుని, వెనక మూత తీసి, కంటికి భూతద్దం తగిలించుకుని చాలాసేపు చూశారు. ఆయన మాట మదనపల్లె వైపు తెలుగు, మధ్య మధ్య కన్నడం కలుస్తుంది. “చెడిపోలేదమ్మా, నూనె ఎండిపోయి పట్టేసింది. ఊరికే పెట్టేసినారు కదా,” అన్నారు. యంత్రం విప్పి, ప్రతి ముక్కా కడిగి, కొత్త నూనె వేసి, గీతలు పడిన గ్లాసు మార్చి, పట్టా కొత్తది వేయడానికి మొత్తం 1300 రూపాయలు చెప్పి, 300 బయానా తీసుకుని, వెనక నంబరు వేసిన అట్టముక్క ఒకటి చేతికిచ్చారు. పనికి ఆ ధర ఎక్కువ కాదని, పని చూసిన తర్వాత నిస్సందేహంగా చెప్పగలను.

రెండోసారి వెళ్ళినప్పుడు ఇంకా పూర్తి కాలేదు. అయితే ఆ రోజు నేను అక్కడ ముప్పావు గంట నిలబడి చూసిన పనిని, ఈ మధ్య విన్న ఎన్నో ప్రసంగాలకంటే ఎక్కువగా తలచుకుంటూ ఉంటాను. తెల్ల కాగితం మీద గాజు మూత బోర్లించి, దాని కింద మా వాచీ ముక్కలన్నీ వరుసగా పెట్టారు. వాటిలో కొన్ని ఆవగింజ కంటే చిన్నవి. సన్నని పట్టకారుతో ఒక్కొక్కటీ తీసి, దాని చోట పెట్టి, ఊపిరి బిగపట్టి స్క్రూ బిగించి, అప్పుడు ఊపిరి వదిలేవారు. ఆ మధ్యలో వీధిలోంచి ఎవరో పిలిచారు, ఫోను రెండుసార్లు మోగింది, నేనూ ఏదో అడిగాను. చేతిలో ఉన్న స్క్రూ కూర్చునేదాకా ఆయన దేనికీ బదులు చెప్పలేదు. చివరికి బ్యాలెన్స్ వీల్ పెట్టి రెండు చుట్లు కీ ఇవ్వగానే, ఆ చిన్న చక్రం ఒక్కసారి వణికి, అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. తొమ్మిదేళ్ళుగా ఆగి ఉన్న ఆ చప్పుడు వినగానే నాకు కన్నీళ్ళు ఆగలేదు. పెద్దాయన చూసి కూడా చూడనట్టే ఉండి, నేను సర్దుకునేదాకా గాజు మూత తుడుస్తూ కూర్చున్నారు.

కీ ఎలా ఇవ్వాలో ఆయన చెప్పిన పద్ధతిని ఇక్కడ యథాతథంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇటువంటి వాచీ ఉన్నవారందరికీ అది పనికివస్తుంది. చేతి నుంచి తీసి పట్టుకుని, రోజూ ఒకే వేళకు, మెల్లగా తిప్పాలి. ఇక తిరగను అని యంత్రమే చెప్పినచోట ఆపేయాలి. “రేపు మరిచిపోతానేమో అని ఇంకో చుట్టు తిప్పొద్దమ్మా. దానికి పట్టేది అంతే. ఈ పొద్దుటిది ఈ పొద్దు ఇవ్వాల, రేపటిది రేపు ఇవ్వాల,” అన్నారు. లోపల ఉన్న మెయిన్ స్ప్రింగు ఒకసారి నిండితే సుమారు రోజున్నర నడుస్తుంది. ఆ సగం రోజు మన మరుపును కాచుకోవడానికి ఉన్న వెసులుబాటే తప్ప దాచుకునే నిల్వ కాదు. ఆ స్ప్రింగు బలం అంతా ఒక్కసారిగా వదిలిపోకుండా ఒక పళ్ళ చక్రమూ దాన్ని అడ్డుకునే చిన్న కొక్కెమూ కలిసి, సెకనుకు ఐదు టిక్కుల చొప్పున, కొంచెం కొంచెంగా వదులుతాయి. ఆ కొక్కెం తీసేస్తే రోజంతటి బలమూ క్షణాల్లో గిర్రున తిరిగి ఖాళీ అయిపోతుందని ఆయన వేరే వాచీ ఒకటి విప్పి చూపించారు.

ఆ మాట వింటూ నిలబడిన నాకు నిర్గమకాండము పదహారో అధ్యాయం గుర్తుకు వచ్చింది. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం, మన్నా, తలకు ఒక ఓమెరు కొలత చొప్పున, ఏ రోజుకు ఆ రోజే. ఎక్కువ కూర్చుకున్నవానికి ఎక్కువ మిగల్లేదు, తక్కువ కూర్చుకున్నవానికి తక్కువ కాలేదు. మోషే వద్దన్నా వినక మర్నాటికి దాచుకున్నవారి పాత్రల్లో అది పురుగు పట్టి కంపు కొట్టింది. నలభై ఏళ్ళపాటు ఒక జనమంతా ప్రతి పొద్దునా గుడారం బయటికి వచ్చి, ఇవాళ కూడా ఉందా అని చూసి, ఉన్నదని తెలుసుకుని ఏరుకోవలసి వచ్చిందంటే, అది కేవలం ఆకలి తీర్చే ఏర్పాటు కాదు, ప్రతి పొద్దునా నమ్మడం నేర్పే ఏర్పాటు. పోలికను నేను మరీ లాగదలచుకోలేదు. ఆరవ దినాన రెండింతలు దొరికి విశ్రాంతి దినానికి చెడకుండా నిలిచిన మన్నా వంటిది ఏ వాచీలోనూ లేదు. అయినా నాన్నగారు ప్రార్థన ముగియగానే కీ ఎందుకు ఇచ్చేవారో ఆ దుకాణంలో నిలబడ్డాకే నాకు అర్థమైంది. ఆయన దాన్ని ఎప్పుడూ మాటల్లో చెప్పలేదు. అనుదినాహారం కోసం అడిగిన వెంటనే ఆయన వేళ్ళు చేసే పని కూడా ఆ ప్రార్థనలోదే.

వర్తమానంలో జీవించడం అన్న మాట ఈ రోజుల్లో బెంగళూరులో ఎక్కడ చూసినా వినిపిస్తుంది. మా ఆఫీసులోనూ దాని కోసం ఒక గంట క్లాసు పెట్టారు; ఊపిరి మీద మనసు నిలపడం నేర్పారు. అది చెడ్డదని నేను అనను, నాకు కొంత నెమ్మది కూడా ఇచ్చింది. అయితే విశ్వాసికి ఈ క్షణం కేవలం మనసు నిలిపే చోటు కాదు. దేవుడు మోషేతో తన పేరు చెప్పినప్పుడు ఉన్నవాడను అన్నాడు. నిన్న నేను చేసిన తప్పు దగ్గర ఆయన క్షమాపణ ఉంది, రేపటి దగ్గర ఆయన వాగ్దానం ఉంది, కానీ ఆయనతో నేను మాట్లాడగలిగేది, ఆయనకు లోబడగలిగేది ఈ పూటే. లూకా సువార్త చదివేటప్పుడు ‘నేడు’ అన్న మాట కింద పెన్సిలుతో గీత పెట్టుకుంటూ పోయాను. గొర్రెల కాపరులకు దూత తెచ్చిన వార్తలో నేడు ఉంది. నజరేతు సమాజమందిరంలో ప్రభువు గ్రంథం చుట్టి ఇచ్చి చెప్పిన మొదటి మాటలో నేడు ఉంది. జక్కయ్య ఇంట్లో, చివరికి సిలువ మీద పక్కనున్న దొంగతో పలికిన మాటలో కూడా నేడు ఉంది. ఆ దొంగకు రేపు లేదు, నిన్న గురించి చెప్పుకోవడానికి మంచి ఏమీ లేదు. మిగిలిన ఆ కొన్ని గంటల్లోనే అతనికి అంతా దొరికింది.

దీన్ని ముందుచూపు లేకపోవడానికి సాకుగా వాడుకోకూడదని కూడా చెప్పాలి, ఎందుకంటే మన సంఘాల్లో ఆ పొరపాటు చేసేవారిని చూశాను. యోసేపు ఏడేళ్ళ పంటను కొట్లలో నిలవచేశాడు. సామెతల గ్రంథం సోమరిని చీమల దగ్గరికి పంపింది. ప్రభువు ‘రేపటినిగూర్చి చింతింపకుడి’ అన్నాడు గాని రేపటికి విత్తనం వేయవద్దని అనలేదు. విత్తనం వేయడం ఈ రోజు పని, చింతించడం ఏ రోజు పనీ కాదు. యాకోబు తన పత్రికలో ‘ప్రభువు చిత్తమైతే మనము బ్రదికియుండి యిది అది చేతము’ అని చెప్పుకోమన్న మాట మన శుభలేఖల్లోనూ ఉత్తరాల్లోనూ అలవాటుగా దొర్లిపోతూ ఉంటుంది. ఆ వాక్యంలో ‘బ్రదికియుండి’ అన్న మాటను నేను నలభై నాలుగేళ్ళ వయసులో మొదటిసారి ఆగి చదివాను.

పెద్దాయన పని చూసినప్పుడు నాకు మరొకరు కూడా గుర్తుకు వచ్చారు. పదిహేడవ శతాబ్దంలో పారిస్‌లో కార్మెలీయులనే కేథలిక్ సన్యాసుల మఠం ఒకదానిలో, అంతకు ముందు సిపాయిగా పనిచేసి గాయపడిన నికొలస్ హెర్మన్ అనే ఆయన, సహోదరుడు లారెన్స్ అన్న పేరుతో ఏళ్ళ తరబడి వంటగదిలో పనిచేసి, తర్వాత చెప్పులు కుట్టి, 1691లో మరణించాడు. గిన్నెల చప్పుడు మధ్య ఉన్నప్పుడు కూడా ప్రార్థనలో మోకరించినప్పటిలాగే దేవునితో ఉండవచ్చునని తన జీవితంతో చూపించినవాడు ఆయన. మా తెలుగు సంఘాల్లో ఆయన పేరు అరుదుగా వినిపిస్తుంది, అది మనకు నష్టమే. వాచీ బాగుచేసే పెద్దాయన దేవుణ్ణి ఎలా కొలుస్తారో నేను అడగలేదు, ఆయనకు ఏ విశ్వాసాన్నీ అంటగట్టదలచుకోలేదు. కానీ ఒక స్క్రూ కూర్చునేదాకా మరో మాటకు బదులివ్వని ఆ చేతులను చూశాక, కూర తరిగేటప్పుడు మెయిల్ గురించీ, మెయిల్ రాసేటప్పుడు కూర గురించీ ఆలోచించే నన్ను నేను ఇక సమర్థించుకోలేకపోయాను.

ఇక లోపాలు. పది రోజుల్లో ఇస్తానన్న వాచీ చేతికి రావడానికి ఇరవై నాలుగు రోజులు పట్టింది. ఫోను చేస్తే ఎత్తరు. రామమూర్తి నగర్ నుంచి కేఆర్ పురం వచ్చి, మెజెస్టిక్‌లో రైలు మారి, నేను రెండుసార్లు ఊరికే వెళ్ళి వచ్చాను. రాసిచ్చే బిల్లు ఉండదు, అట్టముక్క పోతే గుర్తుపట్టడం ఆయన జ్ఞాపకశక్తి మీదే ఆధారపడుతుంది. తండ్రి గుర్తుగా మిగిలిన ఒకే ఒక వస్తువును అటువంటి చీటీ మీద వదిలి రావడం అందరికీ చేతకాదు. వాచీ తెచ్చుకున్న మొదటి వారంలో రోజుకు పది నిమిషాలు వెనకబడింది. మళ్ళీ తీసుకువెళితే, మాట్లాడకుండా విప్పి, అక్కడికక్కడే సరిచేసి, డబ్బు తీసుకోలేదు. ఇప్పుడు రోజుకు ఒకటి రెండు నిమిషాల తేడా ఉంటుంది. రైలు పట్టుకోవలసినవారు, సెకన్లతో పని ఉన్నవారు దీన్ని నమ్ముకోకూడదు. కీ ఇచ్చేటప్పుడు నేను ఎలాగూ టైము సరిచేసుకుంటాను గనుక నాకు అది ఇబ్బంది కాలేదు. నీళ్ళు తగలకుండా చూసుకోవాలి. గిన్నెలు కడిగేటప్పుడు తీసి కిటికీలో పెడతాను.

ఏడు నెలల వాడకం తర్వాత ఏం మారిందో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఉద్యోగం గురించిన భయం పోలేదు. మా బృందంలో ఇద్దరిని తీసేశారు, నన్ను ఉంచారు, వచ్చే త్రైమాసికం సంగతి ఎవరికీ తెలియదు. ఫోను ఇప్పుడు హాల్లో చార్జరు దగ్గర ఉంటుంది. నాలుగు గంటలకు లేచి, మోకరించి, ప్రభువు నేర్పిన ప్రార్థనలో ‘నేడు’ అన్న చోట ఆగి, ఆ రోజు నాకు నిజంగా కావలసినవి ఒక్కొక్కటి పేరు పెట్టి అడుగుతాను: ఫలానా మీటింగులో అబద్ధం చెప్పకుండా ఉండడానికి ధైర్యం, అమ్మ మోకాలి నొప్పికి ఉపశమనం, అమ్మాయి మీద విసుక్కోకుండా ఉండే ఓర్పు. అలా అడగడం మొదలుపెట్టాక జాబితా చిన్నదైంది, జవాబులు ఎక్కువగా కంటపడుతున్నాయి. ఆమేన్ తర్వాత కీ ఇస్తాను. యంత్రం ఆపిన చోట ఆపేస్తాను. ఏప్రిల్ గురించిన ఆలోచన వచ్చినప్పుడు, ‘ఏనాటికీడు ఆనాటికి చాలును’ అన్న మాట నాకు ఇదివరకు మందలింపులా వినిపించేది, ఇప్పుడు బరువు దించుకోమన్నట్టు వినిపిస్తోంది. రెండు రోజులు కీ ఇవ్వడం మరిచిపోయాను కూడా. మధ్యాహ్నం చూస్తే వాచీ ఆగి ఉంది. ఆ రెండు రోజులూ ప్రార్థన కూడా చేయలేదని అప్పుడు గ్రహించి, ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి రెండూ చేశాను.

ఇంట్లో పాత కీ వాచీ మూలపడి ఉన్నవారు, ముఖ్యంగా అది పోయినవారి చేతి వాచీ అయినవారు, ఈ దుకాణానికి తీసుకువెళ్ళవచ్చు. తొందర ఉంటే వెళ్ళవద్దు. మధ్యాహ్నం భోజనానికి గంటసేపు మూస్తారు, ఆదివారం తెరవరు. ఇచ్చే ముందు వాచీని రెండు వైపులా ఫోటో తీసుకుని, అట్టముక్కను కూడా ఫోటో తీసుకోవడం మంచిది. సాయం చేసేవారు ఎవరూ లేరు. ఆ పని నేర్చుకుంటున్న కుర్రవాళ్ళూ కనిపించలేదు, చూపు కూడా తగ్గుతోందని ఆయనే చెప్పారు. మా అత్తగారింట్లో ఆగిపోయిన గోడ గడియారం ఒకటి ఉంది, దాన్ని బాగుచేస్తారా అని పోయిన వారం అడిగాను. పెద్దవి ఇప్పుడు ఒప్పుకోవడం లేదన్నారు, కాసేపాగి, సరే తీసుకురండమ్మా చూద్దాం అన్నారు. ప్రభువు చిత్తమైతే వచ్చే శనివారం తీసుకువెళ్ళాలి.